సిన్నోడికి బిందె నీళ్ళు

ఒరేయ్ చంటీ, ముందే చెప్తున్నా, ఈ కథ నువ్వు నమ్మవు. దమ్ముంటే నమ్ము చూద్దాం. కళ్ళు లేవు, ముక్కు లేదు, ఒళ్ళంతా ముళ్ళే. అలాంటిదొకటి నెత్తిన టోపీ పెట్టుకుని తిరిగేది. ఏంటి, కోతలా? సరే, ఇందులో ఒక్క అబద్ధం పట్టుకో, నా సైకిల్ నీది. పట్టుకోలేకపోతే మాత్రం నోరు మూసుకుని పడుకోవాలి. డీల్?

అమ్మమ్మకి జలుబు చేసి గొంతు పోయింది. అందుకే ఇవాళ కథ నేను టైప్ చేస్తున్నా. అమ్మమ్మ పక్కనే ఉంది, తప్పు కొడితే గిల్లుతోంది. పిన్నీ, నువ్వు వాడికి చదివేటప్పుడు అత్తగారి మాటలు కాస్త గట్టిగా చదువు. ఆవిడ మామూలుగానే అలా మాట్లాడుతుంది.

అనగా అనగా భీమిలి అనే ఊళ్ళో, సముద్రానికి రెండు వీధులవతల, ఒక అత్త, ఒక కోడలు ఉండేవాళ్ళు. అత్త పేరు నూకరత్నమ్మ. కోడలి పేరు శశిరేఖ, కాలేజీ ల్యాబులో పని. కొడుకు కూడా ఉన్నాడు, పోర్టులో క్రేను నడుపుతాడు. కానీ ఈ కథలో ఆయనకి పెద్ద పనేం లేదు. వస్తాడు, తింటాడు, పడుకుంటాడు.

ఆ ఇంటి హాల్లో నాలుగడుగుల గాజు తొట్టె ఒకటి ఉండేది. అది శశిరేఖ ప్రాణం. అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళ మీద రంగురంగుల పగడాలు. రెండు చారల చేపలు, నాలుగు నత్తలు. పైన లైటు, పక్కన గుర్రుమనే మోటారు.

అత్తకి ఆ తొట్టె అంటే ఒళ్ళు మంట. "సముద్రం గుమ్మం ముందరుంటే ఇంట్లో ఇంకో సముద్రవేటే?" అనేది. రోజూ అనేది. అని అని అలిసిపోయి టీవీ చూసుకునేది.

అప్పుడు ఒకరోజు శశిరేఖ ఒక సంచిలో నీళ్ళు, నీళ్ళలో నిమ్మకాయంత ముళ్ళ బంతి పట్టుకొచ్చింది. సీ అర్చిన్ అంటార్రా దాన్ని. చేప కాదు. కాయ కూడా కాదు. ప్రాణమున్న జంతువే. కింద నోరు, నోట్లో అయిదు పళ్ళు. అద్దం మీదా రాళ్ళ మీదా పట్టే పాకుడుని ఆ పళ్ళతో గీక్కుని తింటుంది. ముళ్ళ మధ్యలోంచి దారాల్లాంటి బుల్లి కాళ్ళు బయటికొస్తాయి, వాటితో అద్దాన్ని పట్టుకుని పాకుతుంది. నమ్మకపోతే మీ సైన్స్ టీచర్ని అడుగు.

నూకరత్నమ్మ సంచిలోకి తొంగి చూసింది. "ఓలమ్మో! ఇదేటే, పల్లేరు కాయకి పేణం వొచ్చిందా? ఇలాటియ్యి మా అయ్య వల్లో పడితే కాల్తో తన్నేవోడు."

"ఇక్కడ తన్నకండి అత్తయ్యా, కాలు పోతుంది," అంది కోడలు.

ఆ ముళ్ళ బంతికి ఒక పాడు అలవాటు ఉంది. కంటికి... సారీ, కళ్ళు లేవు కదా. కాలికి ఏది తగిలితే అది ఎత్తి నెత్తిన పెట్టుకుంటుంది. గొడుగులాగా అన్నమాట. మొదటి రోజు చచ్చిపోయిన నత్త గుల్ల పెట్టుకుంది. అత్త చూసి మూతి తిప్పుకుంది. రెండో రోజు శశిరేఖ గమ్ పెట్టి మరీ అతికించిన పగడం ముక్క పీకి పెట్టుకుంది. శశిరేఖ కెవ్వుమంది. అత్త నవ్వింది, కానీ టీవీ చూసి నవ్వినట్టు యాక్షన్ చేసింది.

మూడో రోజు ఏమైందో తెలుసా? ఎవరూ లేనప్పుడు నూకరత్నమ్మ తొట్టె మీదకి వంగి చూస్తోంది. నుదుటి మీది బొట్టుబిళ్ళ ఊడి నీళ్ళలో పడిపోయింది. పోతే పోయిందిలే అనుకుంది. సాయంత్రం చూస్తే ఆ ముళ్ళ బంతి దర్జాగా అద్దమెక్కి తిరుగుతోంది. నెత్తిన ఎర్ర బొట్టుబిళ్ళ!

"ఓలబ్బో! సూడే శశీ, నా బొట్టెట్టుకున్నాడే నా సిన్నోడు!"

అంతే. ఆ రోజు నుంచి దాని పేరు సిన్నోడు. ఆ తర్వాత ఆవిడ కుర్చీ టీవీ ముందు నుంచి తొట్టె ముందుకొచ్చింది. చిక్కుడుకాయ నార తీస్తూ వాడికి కబుర్లు. "ఏరా సిన్నోడా, తిన్నావా? మీ నాన్న ఇంకా డూటీ నుంచి రానేదు." కొడుకు వచ్చి, నేనెప్పుడయ్యాను దానికి నాన్నని అని అడిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఇలా నాలుగు నెలలు గడిచాయి.

అప్పుడు శశిరేఖకి పది రోజులు ట్రైనింగ్ పడింది, హైదరాబాదులో. వెళ్ళే ముందు అత్తని తొట్టె దగ్గర నిలబెట్టి చెప్పింది. "అత్తయ్యా, రోజూ ఇందులో నీళ్ళు కొంచెం ఆవిరైపోతాయి. ఉప్పు మాత్రం ఆవిరవ్వదు, ఇందులోనే ఉండిపోతుంది. కాబట్టి పోసేది మామూలు మంచినీళ్ళే. ఇదిగో ఈ గీత దాకా పొయ్యండి. ఇదిగో ఈ తెల్ల క్యాన్లలో నీళ్ళు. మూడు రోజులకోసారి వాడికి సముద్రపు నాచు ముక్క. అంతే పని."

"నాకు సెప్తున్నావేటే? ముగ్గురు పిల్లల్ని పెంచాను."

"వీడికి మాట రాదత్తయ్యా. ఏమైనా అయితే చెప్పుకోలేడు."

"నీకెందుకే, ఎల్లు! నువ్వొచ్చేసరికి నీ సేతిలో పెడతాను, సెక్కు సెదరకుండా."

చూశావా, మాట ఇచ్చేసింది. ఒక ప్రాణాన్ని చేతిలోకి తీసుకుంది. ఆవిడ మాటిస్తే మాటే, భీమిలంతా తెలుసు.

బస్సు వెళ్ళిపోయింది. నూకరత్నమ్మ తెల్ల క్యాను మూత తీసి వాసన చూసింది. ప్లాస్టిక్ వాసన. ఎప్పుడు పట్టారో ఏమో. "సీ," అనుకుంది. "ఇంటికి సుట్టం వొస్తే ఈ నీళ్ళు ఇస్తావా? పసిగుంటడికి పోస్తావా?"

ఆ ఇంట్లో తాగేది బిందె నీళ్ళు. రాగి బిందె, ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకుంది. చింతపండేసి రుద్ది రుద్ది తోముతుంది, మొహం చూసుకోవచ్చు అందులో. సాయంత్రం నీళ్ళు పట్టి మూత పెడితే పొద్దున్నకి తాగాలి. వాళ్ళ మావగారు ఆ నీళ్ళు తాగే తొంభై ఏళ్ళు బతికాడని ఆవిడ లెక్క. మనవళ్ళు సెలవులకొచ్చినా, పాలవాడు ఆగి మంచినీళ్ళడిగినా, అవే నీళ్ళు.

అప్పుడు ఏం చేసిందంటే, బిందెలోంచి రాగి చెంబుతో ముంచి, గీత దాకా, జాగ్రత్తగా, ఒక్క చుక్క ఒలక్కుండా తొట్టెలో పోసింది. "తాగరా సిన్నోడా. సలవ సేస్తాది."

రోజూ పోసింది.

అమ్మమ్మ గిల్లింది. ఇక్కడ మెల్లగా చెప్పాలంట.

అయిదు రోజులు సిన్నోడు బాగానే ఉన్నాడు. ఆరో రోజు నెత్తిన బొట్టుబిళ్ళ జారి కింద పడిపోయింది. వాడు మళ్ళీ తీసుకోలేదు. ఏడో రోజు అద్దం మీంచి దిగి ఇసకలో కూర్చున్నాడు. ఎనిమిదో రోజు నిక్కబొడుచుకుని ఉండాల్సిన ముళ్ళు వాలిపోయాయి. అరిగిపోయిన చీపురులాగా. రెండు ముళ్ళు రాలి పక్కన పడున్నాయి.

నూకరత్నమ్మ ఆ రెండు ముళ్ళూ చూసింది. కోడలికి ఫోన్ చేద్దామని తీసింది, మళ్ళీ పెట్టేసింది. అక్కడ పరీక్షలాంటిదేదో ఉందంట, కంగారు పెట్టడం ఎందుకని.

ముందు దిష్టి తీసింది. ఎర్రనీళ్ళు తొట్టె చుట్టూ మూడుసార్లు తిప్పి వీధిలో పారబోసింది. ఏం లాభం లేదు.

ఆ తర్వాత నాచు ముక్క తెచ్చి నోటికి అందేలా కిందకి తోసింది. వాడు తినలేదు.

ఆ తర్వాత, ఒంట్లో బాగోలేదు కదా పాపం అని, పైపైన కొంచెం నీళ్ళు తీసేసి, బిందె నీళ్ళు ఇంకో చెంబు ఎక్కువ పోసింది.

నువ్వేం అరవకురా. ఆవిడకి తెలీదు కదా!

పదో రోజు మధ్యాహ్నం శశిరేఖ దిగింది. చెప్పులు కూడా విప్పకుండా తొట్టె దగ్గరికొచ్చి ఆగిపోయింది. సంచి అక్కడే వదిలేసింది.

ముందు ఉప్పు చూసింది. సరిపోయింది. వేడి చూసింది. అదీ సరిగ్గానే ఉంది. మురికేమైనా పెరిగిందేమోనని చిన్న సీసాలో నీళ్ళు పట్టి మందు చుక్కలేసి చూసింది. అదీ లేదు. చేపలు హాయిగా తిరుగుతున్నాయి. కానీ నత్తలు నాలుగూ ఇసకలో పడున్నాయి, గుల్లలో ముడుచుకుని. పగడాలూ ముడుచుకుపోయాయి.

చేపలు బాగున్నాయి. నత్తలు బాగోలేవు. సిన్నోడు బాగోలేడు. అప్పుడు శశిరేఖ ల్యాబ్ బుర్రకి వెలిగింది. రాగి! రాగి కొంచెం నీళ్ళలో దిగినా చేపలు ఓర్చుకుంటాయి. వెన్నెముక లేని వీళ్ళు ఓర్చుకోలేరు. వీళ్ళకి అది విషం.

మోచేతి దాకా నీళ్ళలో పెట్టి వెతికింది. ఏ తీగ ముక్కైనా పడిందా, ఏ రేకైనా పడిందా అని రాళ్ళ సందులన్నీ తడిమింది. ఏమీ దొరకలేదు.

అప్పుడే వంటింట్లోంచి నూకరత్నమ్మ వచ్చింది. చేతిలో చెంబు. తళతళా మెరుస్తున్న చెంబు, నిండా నీళ్ళు.

"వొచ్చావా? సూడే, సిన్నోడికి బాగోనేదు. ఇయ్యి పోసెయ్యనీ, తరవాత..."

శశిరేఖ చెంబు వైపు చూసింది. "అత్తయ్యా, ఎన్ని రోజుల నుంచి?"

"నువ్వెల్లిన కాడ్నించీ."

నూకరత్నమ్మ కోడలి మొహం చూసింది, చెంబు చూసింది, మెల్లగా బల్ల మీద పెట్టింది.

"నా వల్లేనేటే?"

శశిరేఖకి అబద్ధం చెప్పేద్దామనిపించింది. కరెంటు పోయుంటుందనో, వాడికి వయసైపోయిందనో. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అత్త తన కళ్ళలోకే చూస్తోంది.

"అవునత్తయ్యా. రాగి వీళ్ళకి పడదు."

"మరి సెప్పవేటే ముందే?"

"మీరు బిందె నీళ్ళు పోస్తారని నేనేమైనా కల కన్నానా? క్యాన్లు చూపించాను కదా!"

"ఆ క్యాను నీళ్ళు నాను గేదెకి కూడా పెట్టను!"

"గేదెకి పెట్టకండి, వీడికి పెట్టమన్నాను!"

ఇద్దరూ అరుచుకుంటుంటే సిన్నోడికి ఇంకో ముల్లు రాలింది. మెల్లగా తేలుతూ వెళ్ళి ఇసకలో పడింది. ఇద్దరూ చూశారు.

"సెక్కు సెదరకుండా ఇస్తానన్నాను," అంది అత్త. ఈసారి గొంతు చాలా చిన్నగా ఉంది. "నా వల్ల పడ్డాడు. నా వల్లే లేవాల. ఏటి సెయ్యాలో సెప్పు."

"ముందు ఈ నీళ్ళలోంచి తీసెయ్యాలి. వేరే బకెట్లో శుభ్రమైన ఉప్పునీళ్ళు కావాలి. సముద్రపు ఉప్పు పొడి కలిపి తయారు చేస్తే రేపటికి గానీ అవ్వవు. రేపటిదాకా వాడు ఆగడు."

"ఒడ్డు నీళ్ళు?"

"వానలకి బురదగా ఉన్నాయి. లోపలి నీళ్ళు కావాలి."

నూకరత్నమ్మ కొంగు బిగించింది. చెప్పుల్లేకుండానే బయల్దేరింది. ఒడ్డున ఆవిడ తమ్ముడు ఎర్రయ్య పడవ పక్కన కూర్చుని వల కుట్టుకుంటున్నాడు.

"ఒరే ఎర్రయ్యా, లేరా. నీలం నీళ్ళ దాకా ఎల్లి రెండు డబ్బాలు నీళ్ళట్టుకురా."

"నీళ్ళకేటి? అక్కా, నీకు గాని ఎండ దెబ్బ తగిలిందేటే? సేపలకెల్తారు గాని నీళ్ళకెవుడెల్తాడు?"

"నానెల్లమన్నాను కాబట్టి నువ్వెల్తావు. కొత్త డబ్బాలు. నూనె డబ్బా తెచ్చావంటే నిన్ను అందులో ముంచుతాను."

ఎర్రయ్య వెళ్ళాడు. వెళ్ళకేం చేస్తాడు? ఆవిడ ఒడ్డునే నిలబడింది, పడవ చుక్కంత అయ్యేదాకా, మళ్ళీ పడవంత అయ్యేదాకా. డబ్బా దిగగానే మూత తీసి ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. ఉమ్మేసింది. "ఊఁ. ఇయ్యే," అంది.

ఇంటికొచ్చాక శశిరేఖ సిన్నోడిని, నత్తల్ని చిన్న గిన్నెతో, తొట్టె నీళ్ళతో సహా తీసి, బకెట్లో పెట్టింది. కొత్త నీళ్ళు ఒక్కసారి కుమ్మరించకూడదంట. వాడి ఒళ్ళు తట్టుకోలేదు. సన్నటి గొట్టానికి ముడేసి, చుక్క తర్వాత చుక్క వదలాలి. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినట్టు. ఆ గొట్టం నూకరత్నమ్మ పట్టుకుంది. రెండు గంటలు పట్టుకుంది. చెయ్యి మార్చలేదు. కుక్కరు కూతలేసింది, పప్పు మాడింది, కొడుకొచ్చి అన్నమేదని అడిగాడు. "సొంతంగా పెట్టుకో, సెయ్యుందిగా!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

ఆ తర్వాత బకెట్లో పాత నీళ్ళు తీసేసి మొత్తం కొత్త నీళ్ళు చేశారు. శశిరేఖ చెప్పింది, "అత్తయ్యా, వీడు అద్దం పట్టుకోలేక జారి వెల్లకిలా పడుతుంటాడు. బలముంటే వాడంతట వాడే తిరగబడి లేస్తాడు. లేచాడా, బతికినట్టే. లేవలేకపోతే..." అని ఆపేసింది.

మొదటి రోజు సిన్నోడు బకెట్ గోడ ఎక్కబోయి జారి వెల్లకిలా పడ్డాడు. ముళ్ళు అటూ ఇటూ కదిలాయి, అంతే. నూకరత్నమ్మ ఎంతో సేపు చూసి, మెత్తగా రెండు వేళ్ళతో తిప్పి కూర్చోబెట్టింది. ముళ్ళు గుచ్చుకున్నాయి. "గుచ్చు, గుచ్చు. గుచ్చే ఓపికుంది, సాలు," అంది.

రెండో రోజు మళ్ళీ పడ్డాడు. ఈసారి ఒక పక్కకి సగం లేచాడు. మళ్ళీ పడిపోయాడు. ఆవిడే తిప్పింది.

మూడో రోజు మళ్ళీ పడ్డాడు. ఆవిడ చెయ్యి చాచింది. శశిరేఖ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వొదలవే, పడున్నాడు."

"ఒక్క నిమిషం అత్తయ్యా."

సిన్నోడి ఒక పక్కనుంచి బుల్లి కాళ్ళు బయటికొచ్చాయి. ఒకటి, రెండు, తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని. బకెట్ అడుగుని పట్టుకున్నాయి. లాగాయి. జారాయి. మళ్ళీ పట్టుకున్నాయి. ఆ తర్వాత వాడు చాలా నెమ్మదిగా, బండెడు బరువు మోస్తున్నట్టు, అంచు మీదకి లేచి, ఒక్క క్షణం అలాగే నిలబడి, తిరగబడి కూర్చున్నాడు.

ఇద్దరూ అరవలేదు. వాడు బెదురుతాడని. నూకరత్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. శశిరేఖ కూడా ఆ కొంగే లాక్కుని కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత తొట్టె బాగు చెయ్యడానికి నలభై రోజులు పట్టింది. రాగిని పీల్చేసే నల్లటి బొగ్గు సంచులేశారు. ఎర్రయ్య నీళ్ళ కోసం ఇంకో మూడు ట్రిప్పులేశాడు, ప్రతిసారీ తిట్టుకుంటూ. నత్తల్లో రెండు మిగిలాయి, రెండు పోయాయి. సిన్నోడికి సగం ముళ్ళు పోయి, వాటి స్థానంలో సన్నగా కొత్తవి మొలిచాయి, బోడిగుండు మీద జుట్టులాగా.

కానీ నూకరత్నమ్మ మాత్రం తొట్టె ముందు నుంచి కుర్చీ తీసేసింది. దూరం నుంచే చూసేది. నీళ్ళు పొయ్యమంటే, "నువ్వే పోసుకో తల్లీ," అనేది. కబుర్లు కూడా మానేసింది.

తర్వాత ఏడాదికి మళ్ళీ శశిరేఖకి ట్రైనింగ్ పడింది. ఈసారి పదిహేను రోజులు. కొడుకన్నాడు, "ఎవరైనా తొట్టెల పని తెలిసినోణ్ణి పెడదాం." ఎర్రయ్య అన్నాడు, "నానొచ్చి పోసెల్తాను, ఎలాగూ నీళ్ళ మేస్త్రీ అయిపోయాను." నూకరత్నమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చేపలు తోముతోంది, తల ఎత్తకుండా.

శశిరేఖ వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. "అత్తయ్యా, తొట్టె మీకప్పగించి వెళ్తున్నా."

"నాకొద్దే. నా సేతులు మంచియి కావు."

"తొట్టె పనోడు మర్చిపోతాడు. మీ తమ్ముడు నవ్వులాటకి తీసుకుంటాడు. మీ అబ్బాయైతే తను తిన్నాడో లేదో కూడా మర్చిపోతాడు. రాగి సంగతి జన్మలో మర్చిపోని మనిషి ఈ భీమిల్లో మీరొక్కరే. ఇంకెవర్ని నమ్మమంటారు?"

నూకరత్నమ్మ చేపలు పక్కన పెట్టింది. లేచింది. పొలుసు చేతులు సబ్బుతో ఒకసారి, ఉత్త నీళ్ళతో మూడుసార్లు కడుక్కుంది. వెళ్ళి కుర్చీ లాక్కొచ్చి తొట్టె ముందు వేసుకుని కూర్చుంది.

"ఏరా సిన్నోడా," అంది, "మీ అమ్మ ఎల్లిపోతంది. పదేను రోజులు మనిద్దరవే. ముందు నీకో మాట సెప్పాల, ఆ బిందె నీళ్ళ గురించి..."

ఏం చెప్పిందంటే వాడికి...

ఆఁ! వస్తున్నానే అమ్మా! పాలు పొంగుతున్నాయంట, నేనే చూడాలంట, ఈ ఇంట్లో ఇంకెవరికీ కళ్ళు లేవంట. అమ్మమ్మ చెయ్యి ఊపుతోంది, నీకు ముద్దంట.

కథ కడలికి,
చంటిగాడు పడకకి,
నేను పాల గిన్నెకి. పో, పడుకో.